ఏడుపు తాళం

ఆ ఉదయం ఆకాశం సముద్రం వైపు ఎర్రబడింది. కొండల వైపు ఇంకా నల్లగానే ఉంది. నడుమ మా తోట మీద సన్నటి తెల్ల మబ్బు ఒకటి, ఆరవేసిన పంచెలా, కదలకుండా నిలిచిపోయింది. గాలి లేదు, వాన సూచన లేదు. జీడి పిక్కలు ఎండబెట్టొచ్చని కళ్ళంలో టార్పాలిన్ పరుస్తున్నాను. మా తమ్ముడి భార్య దమయంతి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"బావగోరూ, ఆయన రాసినారు. బతికే ఉన్నారు."

ఫోను నా ముందుకు చాపింది. తీసుకుని చూశాను.

మా తమ్ముడు ఢిల్లేశ్వరరావు సరుకు ఓడ మీద ఫిట్టరు. మా ఉద్దానం పల్లెల్లో వీధికి నలుగురు ఓడ ఎక్కినవాళ్ళుంటారు. మూడేళ్ళ కిందట, ఏ దేశపు సముద్రమో కూడా మాకు సరిగ్గా తెలియని చోట, డ్యూటీ దిగి పడుకోబోయినవాడు పొద్దున హాజరుకు రాలేదు. ఓడంతా వెతికారట. ఓడ వెనక్కి తిప్పి సముద్రమూ వెతికారట. దొరకలేదని కంపెనీవాళ్ళు ఫోను చేశారు. శవం రాలేదు గనక దమయంతి కర్మ చెయ్యనివ్వలేదు. మేమూ పట్టుబట్టలేదు. నాకూ ఎక్కడో ఒక మూల వాడు వస్తాడనే ఉండేది.

ఓడ నడుస్తున్నప్పుడు ఫోను కలవదు. వాడు ఇంటితో మాట్లాడిందంతా ఈమెయిల్లోనే. ఆ ఖాతా దమయంతికి వాడే పెట్టించాడు. ఎనిమిదేళ్ళ ఉత్తరాలు అందులో ఉన్నాయి. ఫొటోలున్నాయి. కూతురు జాహ్నవికి లాలిపాట పాడి పంపిన గొంతు కూడా ఉంది. వాడికి ఎవరి ఫోను నంబరూ నోటికి రాదు. ఈ ఒక్క చిరునామా వస్తుంది.

నా చేతిలో ఉన్న ఉత్తరం ఇలా ఉంది. 'దమ్మూ, బతికే ఉన్నాను. ఒక దీవిలో ఆసుపత్రిలో ఉన్నాను. ఎవరికీ చెప్పకు. జానూ చదువుతోందా? మన కొబ్బరిచెట్లు కాపుకొచ్చాయా? నీ ఆధార్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపు. నీ ఫోనుకు కొన్ని అంకెలు వస్తాయి, అవీ పంపు. పంపితే నన్ను వదులుతారు.'

రెండుసార్లు చదివాను. దమ్మూ అని పిలిచేది వాడొక్కడే. కూతుర్ని జానూ అనేదీ వాడే. అయినా ఒక దగ్గర నా కన్ను ఆగింది.

"అమ్మీ, కొబ్బరిచెట్లంటన్నాడు."

"ఆయన పేణమంతా ఆటి మీదే కదండీ."

"తుపానుకి పడిపోనాయి కదా. ఆడే కదా నరికి ఒడ్డుకి ఈడిసినాడు. ఆ తరవాతే కదా ఆకరిపాలి ఓడెక్కినాడు."

ఆమె టార్పాలిన్ మీద కూర్చుంది. "మరి దమ్మూ అని ఆడికెలాగ తెలిసినాది?" అంది.

ఎలాగో ఇద్దరికీ తెలుసు. ఆ ఖాతాలోకి దొంగలు జొరబడడం అది మొదటిసారి కాదు. మొదట ఎవరో ఆమె పేరున చుట్టాలందరికీ సాయం చెయ్యమని రాశారు. అది సరిచేశాక, ఓడల్లో తప్పిపోయినవాళ్ళ జాబితా చూడండంటూ ఒక ఉత్తరం వచ్చింది. దమయంతి అందులో లింకు నొక్కింది. ఎవరైనా నొక్కుతారు. మళ్ళీ దొంగలు లోపలికి దూరారు. ఈసారి పాత ఉత్తరాలు తీరిగ్గా చదివి, వాడి గొంతు నేర్చుకుని వచ్చారు.

ఆ మధ్యాహ్నమే నెట్ సెంటర్ తులసీదాసు దగ్గరికి వెళ్ళాం. మా చుట్టుపక్కల ఎవరికి ఏ ఖాతా కావాలన్నా తెరిచేది అతనే.

"మరిసిపోతే ఏ నంబరుకి కబురొస్తాది?" అని అడిగాను.

"నా నంబరుకేనన్నా. ఊరందరికీ నా నంబరే పెట్టినాను. మరిసిపోతే నా దగ్గిరికే కదా వస్తారు."

"పాస్‌వర్డో?"

"అదీ ఒకలాటిదే పెట్టినాను. ఆళ్ళు మరిసిపోయినా నాకు గుర్తుంటాది కదా."

"ఊరందరి తలుపులకీ ఒకే తాళం ఏసి, సెవి గుమ్మంలో ఏలాడగట్టినావన్నమాట."

"సేవ సేసినానన్నా," అన్నాడు. అతని ముఖంలో దొంగతనం లేదు. నిజంగా సేవ చేశాననే అనుకుంటున్నాడు. నాకు కోపం రాలేదు.

తన నంబరు తీసేశాడు. కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. ఆపైన వేలిముద్ర కూడా పెడదామని దమయంతి చూపుడువేలు యంత్రం మీద పెట్టించాడు. పట్టలేదు. బొటనవేలు పెట్టించాడు. అదీ పట్టలేదు. పదీ అయ్యాయి.

"అన్నా, ఈవిడికి గీతలు నేవు."

ఆమె పదేళ్ళుగా జీడి కార్ఖానాలో పప్పు తీస్తోంది. జీడి పిక్క పగిలితే వచ్చే నల్లటి రసం చర్మాన్ని తినేస్తుంది. బూడిద రాసుకున్నా ఆముదం రాసుకున్నా ఆగదు. మా ఆడవాళ్ళ వేళ్ళు నున్నగా, కడిగిన గవ్వల్లా ఉంటాయి. రేషను దగ్గరా అదే గొడవ.

"మూసీసి కొత్తది తెరిసీ వొదినా," అన్నాడు తులసీదాసు.

"తెరిస్తే ఆయనకి నాను ఎక్కడ దొరుకుతాను?" అంది దమయంతి.

తులసీదాసు యంత్రం తుడిచి పక్కన పెట్టాడు.

*

ఆ ఎండాకాలంలోనే విశాఖపట్నం నుంచి ఒక డాక్టరమ్మ మా కార్ఖానాకు వచ్చింది. వైద్యం చేసే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. పేరు సుభాషిణి. వేలిగీతలు పోయినవాళ్ళ కోసం కొత్తరకం తాళం తయారుచేశామని, పరీక్షించడానికి మనుషులు కావాలని చెప్పింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దమయంతి చెయ్యెత్తింది.

తోడుగా నేను విశాఖపట్నం వెళ్ళాను. కొండ మీద పొడవాటి భవనం. లోపల చల్లగా, ఆసుపత్రి వాసన లేకుండా ఉంది. డాక్టరమ్మ బల్ల మీద ఒక పలక పెట్టింది. పిల్లలు బడికి పట్టుకెళ్ళే పలకంత ఉంది. నల్లగా, నున్నగా.

"అరచెయ్యి పెట్టండమ్మా. ఇది గీతలు చూడదు. నాడి, చెమట, వేడి, వణుకు చూస్తుంది. మీరు ఒక సంగతి తలుచుకున్నప్పుడు మీ ఒళ్ళు ఒక తీరున కదులుతుంది. అదే సంగతి ఇంకొకరు తలుచుకుంటే అలా కదలదు."

"దొంగోడు నా ఉత్తరాలన్నీ సదివీసినాడండీ. నాను ఏటి తలుస్తానో ఆడికి తెలుసు."

"తెలిసినా మీ ఒళ్ళు వాడికి రాదు కదా."

దమయంతి చెయ్యి పెట్టింది. పలక అంచున చిన్న దీపం తెల్లగా వెలిగింది.

"బాగా గట్టిది తలుచుకోండి. దుఃఖమైతే మంచిది. సంతోషాలతో చూశాం, నిలవలేదు. పెళ్ళిరోజు తలుచుకున్నవాళ్ళకి నెల తిరక్కుండానే ఒళ్ళు మామూలైపోయింది. భయమూ అంతే. దుఃఖం ఒక్కటే చెక్కుచెదరలేదు."

మంచి పంట వచ్చిందని చెప్పే రైతులా ఆమె ముఖం వెలిగింది. తాను కూడా అదే తాళం వాడుతున్నానని, మొదట తన ఖాతాకే బిగించుకున్నానని చెప్పింది. నాన్నగారిని తలుచుకుంటుందట.

"ఏం తలుచుకున్నారో నాకు చెప్పకండి. ఎవరికీ చెప్పకండి," అంది.

దమయంతి కళ్ళు మూసుకుంది. కంపెనీ నుంచి ఫోను వచ్చిన పొద్దునే తలుచుకుంటోందని నేననుకున్నాను. పలక మీద లేని చెయ్యి, ఎడమది, మెల్లగా పైకి లేచి ముక్కు దగ్గరికి వెళ్ళింది. ఆమె వాసన చూసింది. ఏడవలేదు. దీపం పచ్చగా మారింది.

నేనొక్క మాటే అడిగాను. "మార్సుకోవాలంటే?"

"ముందు పాత దుఃఖంతో ఒకసారి తెరవాలి. తెరిచాకే కొత్తది పెట్టుకోవచ్చు. వరసగా మూడుసార్లు ఒళ్ళు కలవకపోతే పూర్తిగా మూసుకుపోతుంది. ఎవరైనా బలవంతంగా మనిషిని తెచ్చి కూర్చోబెడతారేమోనని అలా పెట్టాం."

"మనిషి మారిపోతేనో?"

ఆమె నవ్వింది. "దుఃఖం అంత తొందరగా మారదండీ."

*

పలకను దమయంతి ఖాతాకు బిగించి మాతో పంపారు. తాళం పనిచేసింది. దొంగలు వస్తూనే ఉన్నారు. ఎవరో తెరవబోయారని ఫోనులో ఎర్రగా కబురు వచ్చేది, ఊరుకునేది. పలక లేకుండా వచ్చినవాణ్ణి అది గుమ్మం కూడా ఎక్కనివ్వదు. కొన్నాళ్ళకు రావడం మానుకున్నారు.

దమయంతి పొద్దున పొయ్యి వెలిగించక ముందు ఒకసారి, సాయంత్రం కార్ఖానా నుంచి వచ్చాక ఒకసారి తెరిచేది. తమ్ముడి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందేమోనని. ఏమీ ఉండేది కాదు. పాతవి చదువుకునేది. మూసేది. అది ఆమె దీపారాధన లాంటిది అయిపోయింది. పలకకు ఒక గుడ్డసంచి కుట్టింది.

ఊళ్ళో దానికి ఏడుపు పెట్టె అని పేరు పడింది. మా నీలమ్మే పెట్టింది ఆ పేరు. నీలమ్మ నా భార్య. తనూ ఆ కార్ఖానాలోనే పప్పు తీస్తుంది.

ఒకరోజు పిక్కల బస్తాలు దింపడానికి కార్ఖానాకు వెళ్ళాను. ఆడవాళ్ళు వరసగా కూర్చుని పప్పు తీస్తున్నారు. దమయంతి పక్కన మోహిని. మోహిని నోరు ఆగదు.

"అమ్మీ, నీ ఏడుపు పెట్టె ఒకపాలి మాయింటికి తే. మా ఆయన సెయ్యి పెట్టించాల."

"మీ ఆయనికి ఏడుపేటుందే?" అంది నీలమ్మ.

"ఎందుకు నేదు? మాంసం కూర అడుగంటిపోనాదని తలిస్తే సాలు. ఆడి నాడి అక్కడే ఆగిపోతాది. పలక పగిలిపోతాది."

అందరూ నవ్వారు. దమయంతి కూడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, చేతికి జీడిరసం ఉందని గుర్తొచ్చి, మోచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆపుకోలేకపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మూడేళ్ళ తర్వాత ఆ నవ్వు వినడం. బస్తా దింపి, దింపిన చోటే నిలబడిపోయాను.

ఆ సాయంత్రం పలక దీపం ఎర్రగా వెలిగింది.

ఆమె మా గుమ్మం దగ్గరికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "నన్నొప్పుకోలేదు బావగోరూ. సెయ్యి పెట్టినాను. నాను కాదంది."

"అలసిపోయినావు. రేపు సూద్దాం," అన్నాను.

మర్నాడు తెరుచుకుంది. కానీ దమయంతి మారిపోయింది. కార్ఖానాలో వరస చివరకు వెళ్ళి కూర్చుంది. మోహిని మాట్లాడితే తల తిప్పుకునేది. మా మేనకోడలి పెళ్ళికి రానంది. పండక్కి పిండివంట చెయ్యలేదు. పొద్దున్నే తలుపేసుకుని చాలాసేపు కూర్చునేది. ఆమె వాకిట్లో ఒక కొత్త వాసన మొదలైంది. ఏదో సబ్బు. మా ఇళ్ళల్లో ఎవరూ వాడని ఖరీదు సబ్బు. అంత మంచి సబ్బుతో ఏం ఉతుకుతోందా అని చూస్తే, తీగ మీద ఎప్పుడూ ఒకటే చొక్కా. మా తమ్ముడిది.

అడగలేదు. అడగాల్సింది కాదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం జాహ్నవి మా అరుగు మీద చదువుకుంటోంది. నాలుగో తరగతి. మా కోడిపెట్ట ఒకటి పిల్ల పుస్తకాల సంచిలో తల దూర్చి, బయటికి తీసుకోలేక, సంచితో సహా వాకిలంతా తిరిగింది. దమయంతి గడప దగ్గర బియ్యం ఏరుతోంది. చూసింది. పెదవులు కదిలాయి. నవ్వు వచ్చేస్తోంది.

జాహ్నవి పుస్తకం వదిలేసి పరుగెత్తుకెళ్ళి తల్లి నోరు రెండు చేతులతో మూసింది.

"నవ్వకమ్మా. తాళం పోతాది. నాన్న రాడు."

చేటలో బియ్యం కదలకుండా ఉండిపోయాయి. ఆ తల్లీ కూతురూ అలాగే ఉన్నారు. నీలమ్మ లోపల్నుంచి వచ్చి, కోడి తల సంచిలోంచి తీసి, నా వైపు చూసింది. నువ్వేం మనిషివి అన్నట్టు చూసింది.

వానలు వచ్చేసరికి పలక మళ్ళీ ఎర్రబడింది. మర్నాడు కూడా. ఇక మిగిలింది ఒక్కసారి.

*

విశాఖపట్నం వెళ్ళాం. నేను, దమయంతి, జాహ్నవి. నీలమ్మ పొద్దున్నే లేచి క్యారియరు కట్టి ఇచ్చింది.

డాక్టరమ్మను చూసి నేను ముందు గుర్తుపట్టలేదు. మనిషి సగమైంది. బల్ల మీద టీ తొరకలు కట్టి ఉంది. దాని పక్కన నిన్నటిదో మొన్నటిదో ఇంకో కప్పు. మాట మొదలుపెట్టి మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోయి మళ్ళీ వచ్చేది. పోయినసారి కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి ఇప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మీకే కాదమ్మా," అంది. "చాలామందికి ఇదే. మేం ఇక్కడ వారానికి ఒకసారి పరీక్ష చేశాం. మీరు రోజుకు రెండుసార్లు తెరిచారు. తాళం అరగలేదు. లోపలిది అరిగింది. ఏం తలుచుకుంటున్నారో ఇప్పుడు చెప్పొచ్చు. చెబితే నాకు తెలుస్తుంది."

దమయంతి నా వైపు చూసింది. లేచి బయటికి వెళ్ళబోయాను.

"ఉండండి బావగోరూ. మీరూ ఇనాల."

కూర్చున్నాను.

"కంపినీ ఆళ్ళు ఆయన పెట్టె పంపినారు గుర్తుందా. ఓడలో ఉండిపోయిన బట్టలు, సామాను. మీరే ఆటోలోంచి దింపినారు. నాను తలుపేసుకుని తెరిసినాను. ఆయన సొక్కా ఒకటైనా వాసన సూద్దారని. సెమట, గ్రీజు, సిగరెట్టు, ఏదైతేనేటి. ఆయన వాసన." కొంచెం ఆగింది. "ఉతికీసినారు బావగోరూ. ఓడలో తోటోళ్ళు. పాపం మంచోళ్ళే. పోయినోడి బట్టలు మాసి పంపకూడదని సబ్బెట్టి ఉతికి, ఇస్త్రీ సేసి, మడతెట్టి పంపినారు. ఒక్క సొక్కాకీ ఆయన నేరు. అన్నిటికీ ఒకటే సబ్బు వాసన."

నాకు ఆ పెట్టె బరువు గుర్తొచ్చింది. నేల మీదికి చూశాను.

"ఫోనొచ్చినప్పుడు నాను నమ్మనేదు. పెట్టె తెరిసినప్పుడు నమ్మీసినాను. ఆ పొద్దు తలిస్తే నాకు ఊపిరి ఆగిపోయేది. అదే పెట్టినాను తాళానికి. తరవాత తగ్గిపోతంటే, ఆ సబ్బే తెప్పించినాను. రోజూ ఆయన సొక్కా దాంతోనే ఉతికి వాసన సూసినాను. మొదట్లో పనిసేసినాది. ఇప్పుడు ఆ వాసనొస్తే..." ఆమె రెండు చేతులూ తెరిచింది. "సబ్బే. ఒట్టి సబ్బే మేడమ్. బట్టలుతికినట్టుంటాది."

డాక్టరమ్మ సొరుగు తెరిచి ఒక పట్టీ తీసింది. తలకు కట్టుకునేది. లోపలి వైపు చిన్న చిన్న లోహపు చుక్కలున్నాయి.

"దీంతో పాత దుఃఖాన్ని మళ్ళీ మొదటిరోజులా తేవచ్చు. కొద్ది నిమిషాల పని. తెరుచుకుంటుంది. ఇంకో గుర్తుకు మార్చుకోవచ్చు. మీకు చెయ్యమంటే చేస్తాను."

"నొప్పెడతాదా?"

"మెదడుకు నొప్పి తెలియదు."

దమయంతి ఆ పట్టీని చూడలేదు. డాక్టరమ్మ నుదుటిని చూసింది. జుట్టు అంచున చర్మం మీద చుక్కలు చుక్కలుగా కందిపోయి ఉంది. నేనూ అప్పుడే చూశాను.

"మీరు సేయించుకున్నారా?"

"చేయించుకున్నాను. నాదీ ఇలాగే ఒక్కసారి మిగిలేదాకా వచ్చింది. నా పరిశోధనంతా ఆ ఖాతాలో ఉంది."

"తెరుసుకుందా?"

"తెరుచుకుంది."

"తరవాత?"

డాక్టరమ్మ కిటికీ వైపు చూసింది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, ఒక నీళ్ళ ట్యాంకు తప్ప.

"మా నాన్న పోయి పదకొండేళ్ళయిందమ్మా. ఇప్పుడు రోజూ నిద్ర లేచేసరికి నిన్న పోయినట్టు ఉంటుంది. తగ్గుతుందనుకున్నాను. ఒకసారి తగ్గింది కదా, మళ్ళీ తగ్గుతుందని." ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఒక్క చెయ్యే కుర్చీని వదల్లేదు. "మీ దగ్గర దాచి చెయ్యడం నాకిష్టం లేదు. అందరికీ ఇలా కాకపోవచ్చు. నేనింకా ముగ్గురికే చేశాను. ఒకాయన బాగానే ఉన్నాడు."

మిగతావాళ్ళ సంగతి చెప్పలేదు. మేం అడగలేదు.

జాహ్నవి కుర్చీ దిగి వచ్చి తల్లి చీర చెంగు పట్టుకుంది. "పెట్టించుకో అమ్మా," అంది మెల్లగా. "ఒక్కపాలే కదా."

దమయంతి పిల్ల తల మీద చెయ్యి వేసింది. "మేడమ్, తెరవకపోతే అందులోవి ఏటవుతాయి?"

"ఏమీ కావు. లోపలే ఉంటాయి. ఎవరూ తియ్యలేరు. దొంగలు తియ్యలేరు, మేమూ తియ్యలేం. మీరు కూడా."

"కొత్తగా ఎవరైనా రాస్తే?"

"వస్తాయి. చేరతాయి. మీరు చూడలేరు, అంతే."

"ఆయన రాసినా సేరతాది."

"చేరుతుంది."

దమయంతి కళ్ళు మూసుకుంది. సంచిలోంచి పలక తీసి చెయ్యి పెడుతుందేమోననుకున్నాను. ఆ ఒక్కసారి మిగిలే ఉంది కదా, ప్రయత్నిస్తుందేమోనని. చెయ్యి ఒడిలోంచి కదల్లేదు. వాడి ఎనిమిదేళ్ళ మాటలు ఆ పలక వెనకాల ఉన్నాయి. జాహ్నవికి పాడిన పాట ఉంది. ఆ పాట నాకు కూడా వినాలని ఉంది. పెట్టించుకో అమ్మీ అని నోటిదాకా వచ్చింది. ఆ నుదుటి మీద చుక్కలు చూసి మింగేశాను.

"బావగోరూ, ఏటి సెయ్యమంటారు?"

పెళ్ళై వచ్చినప్పట్నుంచి ఆమె నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. ఏదో ఒకటి చెప్పాలి.

"ఆడుంటే నిన్ను ఆ పట్టీ కట్టనిచ్చునా?" అన్నాను.

ఆమె కూతురి వైపు తిరిగింది.

"జానూ, ఇలగ సూడు. నాన్న ఉత్తరం రాసినాడనుకో. అమ్మ పలకనేదనుకో. ఏటి సేస్తాడు?"

పిల్ల ఆలోచించింది. "మళ్ళీ రాస్తాడు."

"అప్పుడూ పలకనేదు."

"కోపమొస్తాది."

"కోపమొస్తే?"

"ఇంటికొచ్చీసి తిడతాడు."

"ఆఁ. ఇంటికొచ్చీసి తిడతాడు. ఇంటికి దారి తెల్దేటి ఆడికి? ఉంటే వస్తాడు. నేకపోతే..." ఆ మాట దగ్గర ఆమె ఆగింది. మూడేళ్ళుగా మా ఇంట్లో ఎవరమూ ఆ మాట అనలేదు. ఆమె దాన్ని పూర్తిచేసింది. "నేకపోతే నేడమ్మా. నాను ఏడిసినా నేడు, నవ్వినా నేడు."

జాహ్నవి ఏడ్చింది. దమయంతి ఏడవలేదు. పిల్లను దగ్గరికి తీసుకుని, పలకను గుడ్డసంచిలోంచి తీసి, బల్ల మీద డాక్టరమ్మ వైపు జరిపింది. సంచి మడతపెట్టి తన దగ్గర ఉంచుకుంది.

"మిగిలిన ఒక్కసారీ మీరే ఉంచుకోండి."

డాక్టరమ్మ పలకను ముట్టుకోలేదు. "నన్ను క్షమించండి," అంది.

"మీరేటి సేసినారు. తాళం గట్టిదే కదా."

బయట వరండాలో ఎండ తిరిగింది. జాహ్నవి ముక్కు ఎగబీలుస్తోంది. పిల్లకు ఆకలేసే వేళ అయింది. నేను క్యారియరు పట్టుకుని లేచాను. దమయంతి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి చూసింది. డాక్టరమ్మ అక్కడే, కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చునుంది.

"తిన్నారా మేడమ్?"

"నాకు అలవాటు తప్పిందమ్మా. మీరు కానివ్వండి."

దమయంతి వెనక్కి వెళ్ళింది. చెయ్యి పట్టుకుని లేపింది. పెద్దమనిషి, చదువుకున్న మనిషి, చంటిపిల్లలా లేచి వచ్చింది.

వరండాలో గచ్చు మీద నలుగురం కూర్చున్నాం. కంచాలు లేవు. గిన్నెల్లోనూ మూతల్లోనూ సర్దుకున్నాం. నీలమ్మ అన్నం, పనస పిక్కలూ ఎండుచేపా వేసి కూర, చింతకాయ పచ్చడి సర్ది పంపింది. దమయంతి డాక్టరమ్మకు పెద్ద మూతలో వడ్డించింది. తర్వాత పిల్లకి, నాకు. చివర తను పెట్టుకుని, మాతోపాటే కూర్చుంది.

డాక్టరమ్మ అన్నం కలిపి, కలిపిన ముద్దను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. ఎవరమూ తొందరపెట్టలేదు. కింద ఊరూ, ఊరికి అవతల సముద్రమూ కనిపిస్తున్నాయి. మేం అటు చూడకుండా తిన్నాం. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకొకటి కలిపింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు, తింటోంది. జాహ్నవి తన గిన్నెలోని చేపముక్క తీసి ఆమె మూతలో వేసింది.

కాసేపటికి డాక్టరమ్మ మూత ముందుకు జరిపింది. దమయంతి ఇంకొంచెం అన్నం పెట్టింది.